మెనూలో నాలుగో పేరు

మీలో పాటలు శ్రద్ధగా వినేవాళ్ళు కొందరైనా ఉంటారు. కాస్త ఖరీదైన ప్లేయరు కొనుక్కుని, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సెట్టింగుల్లోకి దూరి, అక్కడ ‘ఫిల్టర్’ అనే మాట దగ్గర ఆగే ఉంటారు. దాని కింద నాలుగైదు పేర్లుంటాయి. ఒకటి మార్చి వింటారు, ఇంకోటి మార్చి వింటారు, మూడోదాని దగ్గరో నాలుగోదాని దగ్గరో ‘ఆహా, ఇది వేరు’ అనుకుంటారు. నా ఉద్యోగంలో చివరి కొన్నేళ్ళు అలాంటి ఒక పేరు వెనకాలే గడిచాయి. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఆ సంగతి చెప్పమని అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. మధ్యలో నా గొంతు చేదుగా వినిపిస్తే అది మీ ప్లేయరు తప్పు కాదు. ఏ సెట్టింగు మార్చినా ఆ చేదు పోదు.

ముందు ఫిల్టరంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. డిజిటల్ పాట అంటే చుక్కల వరస. ముగ్గు వేసే మనిషి చుక్కలు కలిపినట్టు, ప్లేయరులోని చిప్పు ఆ చుక్కల్ని కలిపి మళ్ళీ అల చేయాలి. కలిపే చెయ్యి ఎలా తిరగాలో చెప్పేదే ఫిల్టరు. చెయ్యి చురుగ్గా తిరిగితే పైస్థాయి ధ్వనులన్నీ నిలుస్తాయి గానీ, డప్పు మీద దెబ్బ పడ్డప్పుడు ఆ దెబ్బకి ముందూ వెనకా సన్నటి వణుకు మిగులుతుంది. ముందు కూడా అన్నాను, గమనించండి. దెబ్బ పడకముందే దాని వణుకు వచ్చేస్తుంది. నిజం డప్పుకి అలా జరగదు. చెయ్యి నెమ్మదిగా తిరిగితే వణుకు తగ్గుతుంది, దానితో పాటు పైన మెరుపూ తగ్గుతుంది. వణుకంతా దెబ్బ తరువాతికి నెట్టేసే పద్ధతి ఇంకోటుంది, దాని ఇబ్బందులు దానివి. ఏది ఎంచుకున్నా ఏదో ఒకటి వదులుకోవాలి.

ఈ తేడాలు చాలా చిన్నవి. చాలామందికి వినపడవు. వినపడుతుందని ఒట్టేసి చెప్పేవాళ్ళని నేను తొందరగా నమ్మను. అయితే వినపడే కొద్దిమందిలో నేనొకదాన్నని మాత్రం నాకు గట్టి నమ్మకం ఉండేది.

మా ఆఫీసు హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో ఉండేది. బ్యాంకుల సాఫ్ట్‌వేరు, బీమా సాఫ్ట్‌వేరు చేసే వందల మంది మధ్య, ధ్వని మీద పనిచేసే మా చిన్న జట్టు ఒక మూల కూర్చునేది. మాకోసం వినికిడి గది అని ఒకటి కట్టించారు. గోడలకి మందపాటి నురుగు పలకలు, ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు. లోపల మాట బయటికి పోదు. ఈ సుగుణం ఆఫీసంతా తెలిసిపోయి, ఇంట్లోవాళ్ళతో ఫోన్లో పోట్లాడాలన్నా, ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూ ఇవ్వాలన్నా అందరూ అక్కడికే వచ్చేవారు. పాట వినడానికి వెళితే లోపల ఎవరో కళ్ళు తుడుచుకుంటూ కనిపించేవారు. పైగా ఏసీ గొట్టం సరిగ్గా ఆ గది మీదుగానే వేశారు. నిజంగా వినాలంటే ఏసీ ఆపించి చెమటలు కక్కుతూ వినాలి. ఏసీ ఆపించడానికి భవనం నడిపే వాళ్ళకి మెయిలు పెట్టి, మళ్ళీ ఫోన్ చేసి, మళ్ళీ బతిమాలాలి. అంత ఖర్చు పెట్టి కట్టిన గదిలో నిశ్శబ్దం కోసం అడుక్కోవడం నాకు రోజూ మండేది.

సముద్రాల అవతల ఒక చిన్న కంపెనీ మా చేత ప్లేయర్లు చేయించుకునేది. జేబులో పట్టే ప్లేయరే, కానీ ధర వింటే కళ్ళు తిరుగుతాయి. వాళ్ళకి ఒక సలహాదారు ఉండేవాడు. పెద్దవయసు మనిషి, పాటల పరికరాల గురించి రాసి పేరు తెచ్చుకున్నవాడు. ఆయన బాగుందంటే సరుకు మార్కెట్లోకి వెళ్ళాలి, లేదంటే వెనక్కి రావాలి. మా ఆఫీసులో ఆయన్ని అందరం ‘చెవులాయన’ అనేవాళ్ళం.

ఆ ప్లేయరులో చిప్పుతోనే వచ్చే ఫిల్టర్లు మూడుండగా, మనదంటూ సొంత ఫిల్టరు ఒకటి ఉండాలని వాళ్ళు అడిగారు. ఆ పని నేను అడిగి మరీ తీసుకున్నాను. రిటైర్మెంటు దగ్గరికి వస్తోంది. అప్పటిదాకా నేను చేసిన పనంతా ఎవరిదో ఫోన్లో, ఎవరిదో టీవీలో ఒక మూల పడి ఉండే ముక్కలు. ఇది మాత్రం మొదటి నుంచి చివరిదాకా నా లెక్క. మెరుపు తగ్గకూడదు, దెబ్బకి ముందు వణుకు రాకూడదు. రెండూ పూర్తిగా కుదరవని తెలిసి కూడా, ఎంత దగ్గరగా కుదురుతాయో చూద్దామని పట్టుబట్టాను. పోయేలోపు ఇది ఎవరో ఒకరి చెవిలో పడాలి, అంతే నా కోరిక. పెద్ద కోరికేమీ కాదు.

ఇలాంటి పరీక్షలకి బయటి దేశాల ఇంజినీర్లు వాళ్ళ చిడతల చప్పుడు వాడతారు. అది విని విని విసుగెత్తి, ఆషాఢంలో మా పుట్టింటి బస్తీలో బోనాలు జరిగేటప్పుడు మైకులు పట్టుకెళ్ళి డప్పు రికార్డు చేసుకున్నాను. మంట దగ్గర కాచి బిగించిన డప్పు మీద సన్నటి చిటికెన పుల్ల పడితే ఆ చప్పుడు ఎంత పదునుగా ఉంటుందో విన్నవాళ్ళకి తెలుసు. ఫిల్టరులో ఏ లోపమున్నా ఆ దెబ్బ దగ్గర బయటపడుతుంది. కొన్ని వేలసార్లు విన్నాను ఆ దెబ్బని. ఇంట్లో కూర తాలింపు వేస్తున్నా అదే వినిపించేది.

మా మేనేజరుది అనంతపురం వైపు. నాకన్నా చాలా చిన్నవాడు, చెడ్డవాడు కాదు. జట్టుని మూసేయకుండా ఏటేటా పైవాళ్ళతో కొట్లాడేది ఆయనే. ధ్వని గురించి మాత్రం ఏమీ తెలియదు, తెలియదని దాచుకోడు కూడా.

“ఇంగా ఎన్ని దినాలు మేడం ఈ గీతలు? నాకైతే అన్నీ ఒగటే మాదిరి ఉండాయి,” అనేవాడు నా స్క్రీన్ చూసి.

“వినేటోళ్ళకు తెలుస్తది లెండి,” అనేదాన్ని.

చివరికి అయింది. కొలిచే యంత్రం మీద నా ఫిల్టరు గీత నేను అనుకున్నట్టే వచ్చింది. దెబ్బకి ముందు దాదాపు చదునుగా ఉంది. నమూనా ప్లేయరు చెవులాయనకి పంపాము. కొద్దిరోజులకి ఆయన నుంచి మెయిలు వచ్చింది. మిగతా ఫిల్టర్లు సరే అని ఒక్క ముక్కలో తేల్చి, నాలుగో దాని గురించి మాత్రం పేరాలు పేరాలు రాశాడు. వాయిద్యాల మధ్య గాలి ఆడుతోందట. తాళం ఊపిరి తీసుకుంటోందట. ఇన్నేళ్ళ తన అనుభవంలో ఇంత సహజమైన ధ్వని ఇంత చిన్న పెట్టెలోంచి వినలేదట. వాళ్ళ ప్రచారం చేసేవాళ్ళు ఆ మెయిలు చదివి దానికి ‘రివర్’ అని పేరు పెట్టారు. నన్ను ఎవరూ అడగలేదు. మేనేజరు ఆ మెయిలుని రిసెప్షన్ దగ్గర టీవీలో తిప్పించాడు. కేకు కోయించారు. నేను వినికిడి గదిలోకి వెళ్ళి, ఏసీ ఆపించి, రివర్ పెట్టుకుని నా డప్పు విన్నాను. దెబ్బ శుభ్రంగా పడింది. ముందు వణుకు లేదు. నాకు కళ్ళు చెమర్చాయి, ఆ గదిలో ఏడ్చినవాళ్ళ జాబితాలో నేనూ చేరాను.

ప్లేయరు మార్కెట్లోకి వెళ్ళింది. కొన్నవాళ్ళంతా ఇంటర్నెట్‌లో రివర్ గురించే రాశారు. మొదటి మూడూ దండగ అనీ, రివర్ పెట్టాక వెనక్కి వెళ్ళలేకపోతున్నామనీ. ఒకాయన రివర్ మీద వింటే తన భార్యకి కూడా తేడా తెలిసిందని రాశాడు, అదేదో ఆఖరి సాక్ష్యం అన్నట్టు. ఆ రాతలన్నీ నేను చదివాను. ఇంటికెళ్ళి మా ఆయనకి కూడా చదివి వినిపించాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది.

మా జట్టులో పరీక్షలు చేసే అమ్మాయి ఒకతె ఉండేది. హఫీజ్‌పేట్ వాళ్ళే, తాతల నాటి నుంచి అక్కడే. నోరు పెద్దది, పని ఇంకా పెద్దది. ఏదైనా చెప్పినట్టు చేయడం ఆమెకి చేతకాదు, తనకి నమ్మకం కుదిరేట్టు చేస్తుంది. తరువాతి మోడలు కోసం పాత ప్లేయరునే మళ్ళీ ఒకసారి కొలవమంటే, ఒక మధ్యాహ్నం నా సీటు దగ్గరికి వచ్చింది.

“మేడం, జర ఇటు రాండ్రి.”

“ఏమైంది?”

“వచ్చి సూడుండ్రి. నా నోటితోని నేను చెప్ప.”

మామూలుగా మేము ఫిల్టరుని కొలిచేది పరీక్షల మోడ్‌లో. అందులో యంత్రం నుంచి శబ్దం నేరుగా చిప్పులోకి వెళుతుంది, ఆగకుండా. ఈ అమ్మాయి ఆ పరీక్ష శబ్దాన్ని మామూలు పాటలాగా కార్డులో వేసి, కొన్నవాళ్ళు పాట పెట్టుకున్నట్టే మెనూలోంచి పెట్టి కొలిచింది. స్క్రీన్ మీద ఒకే గీత ఉంది.

“ఏ ఫిల్టరిది?” అన్నాను.

“అన్నీ మేడం. నాలుగు మార్చిన, నాలుగు గీతలు ఒకదాని మీదొకటి పడ్డయ్. మీ రివర్ గూడ అండ్లనే ఉంది.”

కేబుల్ మార్చాను. ప్లేయరు మార్చాను. ఇంకో ప్లేయరు తెప్పించాను. గీత మారలేదు. కారణం సాయంత్రంలోపు దొరికింది. పాటకీ పాటకీ మధ్య హెడ్‌ఫోన్లలో ‘టప్’ మని ఒక చప్పుడు వచ్చేది. అది పోగొట్టడానికి జట్టులో ఒకతను ప్రతి పాట మొదలయ్యే ముందు చిప్పుని నిద్రపుచ్చి లేపే ఏర్పాటు చేశాడు. టప్ పోయింది, అతనికి ఆ నెల మెచ్చుకోలు కూడా వచ్చింది. నిద్ర లేచిన చిప్పు మాత్రం మనం ఏ ఫిల్టరు చెప్పామో మరిచిపోయి, పుట్టినప్పటి నుంచి తనకున్న మామూలు ఫిల్టరుతో, అంటే మెనూలో మొదటిదానితో, పాట మొదలుపెట్టేది. మెనూలో పేరు మాత్రం మనం ఎంచుకున్నదే చూపించేది. పరీక్షల మోడ్‌లో పాట మొదలవడం అనేదే లేదు కాబట్టి అక్కడ అన్నీ పనిచేసేవి. కొలిచినదాన్ని మేమెవరమూ వినలేదు, విన్నదాన్ని ఎవరమూ కొలవలేదు. ఇందులో ఒక్కరి తప్పని వేలు పెట్టి చూపించడానికి కూడా లేదు. మీరు ఈ పనిలోకి వస్తుంటే ఈ ఒక్క సంగతైనా గుర్తుపెట్టుకోండి.

ఆ టప్ సవరణ, చెవులాయనకి నమూనా పంపడానికే కాదు, నేను ఈ ఫిల్టరు మొదలుపెట్టడానికి కూడా ముందే చేరింది. అంటే ఆయన విన్న గాలీ, ఊపిరీ నా లెక్కలవి కావు. కొన్నవాళ్ళు దండగ అన్న మొదటి ఫిల్టరుదీ, రివర్‌దీ ఒకే ధ్వని. ప్రపంచంలో ఏ ఒక్కరూ నా ఫిల్టరుని వినలేదు. నేను కూడా. ఏసీ ఆపించుకుని, కళ్ళు చెమర్చి మరీ నేను విన్న శుభ్రమైన దెబ్బకి ముందు ఆ వణుకు ఉంది. అంతా ఉంది. నేను లేదనుకున్నాను, కాబట్టి లేదు.

“మేడం, పరేషాన్ గాకుండ్రి. ఒక్క లైను మారిస్తె అయిపాయె,” అంది ఆ అమ్మాయి నా మొహం చూసి.

సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. తరువాత కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఇంటికెళ్ళాక, నల్లగండ్లలో మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని, ఒక సంగతి తేల్చుకున్నాను. పొగడ్తలు పోతే పోయాయి, ఫిల్టరు పోలేదు. సరిచేస్తే ఇప్పటికైనా ఎవరో ఒకరు దాన్ని నిజంగా వింటారు. నాకు ఉద్యోగంలో ఇంకా కొన్ని నెలలున్నాయి.

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు సీలింగు చూశాడు.

“ఒగ మాట అడుగుతా మేడం, తప్పుగా అనుకోవద్దండ. ఎవరన్నా కంప్లయింట్ చేసినారా?”

“లేదు.”

“బాగుండాదని వాళ్ళే అంటాండారు గదా. బాగున్నదాన్ని బాగుచేస్తామని పోతే ఏమనుకుంటారు?”

“పనిచేస్తలేదండీ అది! పేరొక్కటే ఉన్నది. మనం అమ్మేది వాళ్ళకు ఇస్తలేం.”

“అర్థమయింది మేడం. కాని చెవులాయన దగ్గరికి పోయి, సార్, మీరు పేజీలు పేజీలు రాసింది లేని దాని గురించి అని చెప్తే, ఆయన మొగం యాడ పెట్టుకుంటాడు? మన కాంట్రాక్టు యాడ పెట్టుకుంటాం?”

వాదించాము. గొంతులు పెరిగాయి. చివరికి మధ్యలో ఒక దారి చెప్పాడు. సరిచేద్దాం, కానీ చప్పుడు చేయకుండా. చెవులాయన తరువాతి మోడలు పని మీద హైదరాబాదు వస్తున్నాడు. ‘రివర్‌ని ఇంకాస్త మెరుగుపరిచాం’ అని ఆయనకి వినిపిద్దాం. నచ్చితే కొత్తది పాతదాని చోటుకి వెళ్ళిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. నాకు ఆ దొంగదారి నచ్చలేదు. ఒప్పుకున్నాను. ఆ ఫిల్టరు చెవిలో పడాలన్న ఆశ అంత గట్టిది.

ఆయన వచ్చిన రోజు రిసెప్షన్లో బొట్టు పెట్టారు, దండ వేశారు, టీవీ మీద పేరు తిప్పారు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు పెట్టారు. ఆయన బిస్కట్టుని కూడా చెవి దగ్గర విరిచి చప్పుడు విని నవ్వాడు. మంచి మనిషే. వినికిడి గదిలో ఎవరూ లేకుండా ఆ అమ్మాయి ముందే కాపలా కాసింది. ఏసీ ఆపారు. గదిలో నలుగురమే ఉన్నాము, ఆయనా, మేనేజరూ, ఆ అమ్మాయీ, నేనూ.

ముందు పాత ప్లేయరు ఇచ్చాము. రివర్ పెట్టుకుని, తను ఎప్పుడూ వినే రికార్డింగు ఒకటి విన్నాడు. కళ్ళు మూసుకుని తల ఊపాడు. తరువాత సరిచేసిన ప్లేయరు ఇచ్చాము. అదే రికార్డింగు, అదే రివర్, ఈసారి లోపల నా లెక్కలు నిజంగా నడుస్తున్నాయి. ఆయన పక్కనే ఇంకో హెడ్‌ఫోను పెట్టుకుని నేనూ వింటున్నాను. నా ఫిల్టరుని నా చెవులు వినడం అదే మొదలు. ఎలా ఉందని అడుగుతారు మీరు. చెప్పలేను. బాగున్నట్టే ఉంది. కానీ లేనిదాన్ని విని ఏడ్చిన చెవులవి, వాటిని ఎలా నమ్మను? ఇది ఎక్కువ బాగుందా, లేక ఉందని తెలుసు కాబట్టి బాగుందా? వినడం మానేసి ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను.

ఆయన కళ్ళు తెరిచాడు. నుదురు ముడిపడింది. హెడ్‌ఫోను తీసేశాడు.

“ఎవరు ముట్టుకున్నారు దీన్ని?” అన్నాడు.

హెడ్‌ఫోను బల్ల మీద పెట్టాడు.

“ప్రాణం పోయింది. పైన మెరుపు పోయింది. తాళం ఊపిరి తీసుకునేది, అది ఆగిపోయింది. ఇది రివర్ కాదు.”

మేనేజరు వెంటనే అందుకున్నాడు. “పాతదే పెట్టేస్తాం సార్. ఈ రోజే.”

అప్పుడు నేను చెప్పేశాను. మేనేజరు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. మీరు ఇప్పుడు విన్నదే రివర్ అన్నాను. మీరు ఇన్నాళ్ళూ విన్నదానిలో నేను చేసిన ఫిల్టరు లేదు, మొదటి పేరుకీ నాలుగో పేరుకీ మధ్య తేడా లేదు, కావాలంటే కొలిచి చూపిస్తాను అన్నాను. ఆ అమ్మాయి అడగకుండానే స్క్రీన్ ఆయన వైపు తిప్పింది. నాలుగు పేర్లూ, ఒకే గీత. ఆయన దగ్గరికి జరిగి చాలాసేపు చూశాడు. చెవుల చివర్లు ఎర్రబడ్డాయి.

“ఒక పని చేద్దాం,” అన్నాను. “ఏది ఏదో చెప్పకుండా రెండూ మార్చి మార్చి వినిపిస్తాను. ఏది బాగుందో మీరే చెప్పండి. నేను కూడా వింటాను. నాక్కూడా తెలియాలి.”

ఆ మాటలో నా అహంకారం ఏమీ లేదు. నిజంగానే నాకు తెలియాలనిపించింది. ఆయన ఓడిపోతే ఇద్దరం కలిసి ఓడిపోయేవాళ్ళం.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే నాకు బాగుండేది. కుర్చీలో సర్దుకుని, ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు.

“అవసరం లేదమ్మా. మా దగ్గర కొనేవాళ్ళు కళ్ళకి గంతలు కట్టుకుని వినరు. ప్లేయరు చేతిలో పట్టుకుంటారు, పేరు చదువుతారు, నేను రాసింది చదువుతారు, తరువాత వింటారు. వినడంలో అదంతా ఉంటుంది. వాళ్ళు రివర్‌ని ప్రేమించారు. నేనూ ప్రేమించాను. నాకు నచ్చినదే రివర్. అందులో మీ లెక్కలున్నాయా లేవా అన్నది మీ ఇంటి సంగతి.”

“పేరు మాత్రం నా ఫిల్టరుది,” అన్నాను.

“పేరు మేము పెట్టాం,” అన్నాడు.

అబద్ధం చెప్పినవాడితో పోట్లాడవచ్చు, ఆయన అబద్ధం చెప్పలేదు. మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు, బిర్యానీ వచ్చిందని చెప్పి ఆయన్ని భోజనానికి తీసుకెళ్ళాడు. కాంట్రాక్టు పోలేదు. తరువాతి మోడలు కూడా మాకే ఇచ్చారు.

నిర్ణయం వారం తిరగకుండా వచ్చింది. చిప్పు నిద్ర సంగతి సరిచేయాలి, మిగతా ఫిల్టర్లు పనిచేయాలి. రివర్ మాత్రం పాత రివర్‌లాగే ఉండాలి, అంటే చిప్పు మామూలు ఫిల్టరుతోనే నడవాలి. నా లెక్కలు ప్లేయరులోంచి తీసేయడానికి ఎవరికీ తీరికలేక, తీస్తే ఇంకేదైనా చెడుతుందేమోనన్న భయంతో, వాటిని లోపలే ఉంచి పిలవడం మానేశారు. ఇంకో చిక్కు వచ్చిపడింది. రేపెప్పుడో ఎవరో పొరపాటున ఏదో మారిస్తే నా ఫిల్టరు మళ్ళీ నడవడం మొదలుపెట్టవచ్చు. అలా జరగకుండా కాపలా ఉండాలి కదా. ఆ కాపలా పరీక్ష రాయమని ఆ అమ్మాయికే అప్పగించారు. ప్రతి కొత్త వెర్షనులో రివర్ పెట్టి కొలవాలి. మొదటి ఫిల్టరు గీతా, రివర్ గీతా ఒకటిగా ఉంటే పాసు. తేడా వస్తే ఫెయిలు.

“గిదేం టెస్టు మేడం? మస్తు నవ్వొస్తుంది నాకు,” అంటూ ఆమె నవ్వలేదు. “పని చేయొద్దని టెస్టు రాసుడు నా సర్వీసుల ఇదే ఫస్టు. నేను రాయనని చెప్పాల్నా?”

“రాయి బిడ్డా. నువ్వు రాయకుంటె ఇంకొకరు రాస్తరు. నువ్వు రాస్తె సక్కగ రాస్తవ్,” అన్నాను.

సక్కగానే రాసింది. నేనున్న మిగతా నెలల్లో ఆ పరీక్ష ప్రతిసారీ పాసయింది.

నా వీడ్కోలు సభలో మేనేజరు రివర్ గురించి చాలా మాట్లాడాడు. ఈ మేడం లేకపోతే ఈ పేరు లేదన్నాడు. నిజం తెలిసినవాళ్ళూ, తెలియనివాళ్ళూ ఒకే జోరుతో చప్పట్లు కొట్టారు. ఆయన నన్ను వెక్కిరించడానికి అనలేదు, సంతోషపెట్టాలనే అన్నాడు, నాకు తెలుసు. ఆ మంచితనమే ఎక్కువ గుచ్చుకుంది. శాలువా కప్పించుకుని, దండం పెట్టి, ఇంటికి వచ్చేశాను. వచ్చాక కొన్నాళ్ళు పాటలు పెట్టుకోలేదు. పెట్టుకున్నా, ఇది నాకు వినిపిస్తోందా, నేను వినిపించుకుంటున్నానా అని తగువు మొదలయ్యేది. మా ఆయన వంటింట్లో రేడియో పెడితే, అవతలి గదిలోంచి వచ్చేది వచ్చినట్టు వినడం ఒక్కటే కుదిరేది. ఇప్పటికీ అంతే.

మొన్న ఒక రోజు ఉదయం నల్లగండ్ల చెరువు పక్కన నడుస్తుంటే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఇంకా అదే జట్టులో ఉంది, ఇప్పుడు దానికి పెద్ద కూడా.

“మేడం, నిన్న ఒక ముచ్చటైంది. మీకు చెప్పాలె అనిపిచ్చింది.”

“చెప్పు.”

“చిప్పు సాఫ్ట్‌వేరు కొత్తది ఏసినం. ఏడనో ఏదో కలిసింది. రివర్ పెడితె మీ లెక్కలు నడిసినయ్ మేడం. నిజమైన పాట మీదనే. మీరు గీసిన గీత, అసొంటిదే వచ్చింది. దెబ్బకు ముందట సాఫ్.”

నేను అక్కడే చెరువు గట్టు మీద కూర్చున్నాను. “విన్నవా? ఎట్లున్నది?”

“వినలె మేడం. ఏడ తీరింది? టెస్టు ఫెయిలని ఎర్రగ వచ్చింది. రిలీజు దగ్గర్లున్నది. ఎంబడే తప్పున్నదని బగ్గు పెట్టిన.”

“సరిచేసిన్రా?”

“చేసిన్రు. మధ్యాహ్నం అన్నం తినే వరకు పాత లెక్కకు వచ్చింది.”

ఆమె లైనులోనే ఉంది. ఫోన్ పెట్టేయమని అనలేక, ఏదో ఒకటి అడగాలని అడిగాను.

“బగ్గుల ఏమని రాసినవ్?”

“ఏమని రాస్త మేడం,” అంది. “‘నాలుగో ఫిల్టరు పనిచేస్తున్నది’ అని రాసిన.”